శ్రీకాకుళం జంక్షన్లకు స్మార్ట్ సిగ్నళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం ఆరున్నరకు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి, ఈ పేజీ ఎందుకు రాశానో తెలుస్తుంది. నేను డిప్లొమా పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. సిగ్నల్ కంట్రోలర్ (దీపాలు ఎప్పుడు మారాలో నడిపించే పెట్టె) గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేకంటే జంక్షన్‌కు తీసుకెళ్లి చూపిస్తే బాగా ఎక్కుతుందని, ఏటా ఒకసారి వాళ్లను తీసుకెళ్తాను. ఒక్కొక్కరికి ఒక్కో రోడ్డు అప్పగించి బళ్లు లెక్కపెట్టమంటాను. కాగితాలు పట్టుకుని నిలబడగానే జనం చుట్టూ చేరతారు. టీ కొట్టు ఆయన, ఆటో డ్రైవర్లు, కూరగాయలకు వచ్చిన అక్కలు అడిగిన ప్రశ్నలే ఇవి. అప్పుడు రెండు ముక్కల్లో చెప్పి వదిలేసినవాటికి ఇక్కడ తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

స్మార్ట్ సిగ్నల్ అంటే ఏమిటండీ? ఇప్పుడున్న వాటికీ దానికీ తేడా ఏమిటి?

మామూలు సిగ్నల్‌కు గడియారం ఒక్కటే తెలుసు. ఈ వైపు 40 సెకన్లు, ఆ వైపు 30 సెకన్లు అని ఒకసారి పెట్టేస్తే, తెల్లవారుజామున పాల బండి ఒక్కటే వచ్చినా అదే 40, సాయంత్రం ఆఫీసులు వదిలినప్పుడూ అదే 40. రోడ్డు మీద ఎవరున్నారో దానికి తెలియదు.

దీనికి పై మెట్టు, వేళను బట్టి వేరువేరు లెక్కలు పెట్టుకోవడం. బడి వేళకు ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, సాయంత్రానికి ఒకటి, ఆదివారానికి ఇంకొకటి. దీనికి కెమెరాలు అక్కర్లేదు. మైక్రోప్రాసెసర్ ఉన్న మామూలు కంట్రోలర్లు కూడా చాలావరకు ఈ పని చేయగలవు, ఎవరో ఒకరు కూర్చుని ఆ లెక్కలు ఎక్కించాలి, అంతే. మూడో మెట్టు బండిని చూసి మారే సిగ్నల్. వరుస ఖాళీ అయిపోతే గ్రీన్ అక్కడితో ఆపేస్తుంది, ఇంకా బళ్లు వస్తుంటే కొన్ని సెకన్లు పెంచుతుంది. ఎంత పెంచినా ఒక హద్దు దాటదు. నాలుగో మెట్టులో సిగ్నళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మొత్తం చుట్టుకు ఎంత టైము, అందులో ఏ రోడ్డుకు ఎంత వాటా, పక్క జంక్షన్‌లో గ్రీన్ పడ్డాక ఇక్కడ ఎంతసేపటికి పడాలి, ఈ మూడూ అవే సవరించుకుంటూ పోతాయి.

స్మార్ట్ అనే మాట చివరి రెండు మెట్లకు వాడుతున్నారు. కానీ మన ఊళ్లో రెండో మెట్టు సరిగ్గా ఎక్కినా సగం బాధ తీరుతుందని నా గట్టి నమ్మకం.

ఏడు రోడ్లు కలిసే చోట సిగ్నల్ పెడితే ఒక్కో రోడ్డుకు ఏడో వంతు టైమేనా దొరికేది?

నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. కాస్త లెక్క చెప్పనివ్వండి, కష్టమేమీ కాదు.

అన్ని రోడ్లకూ ఒకసారి గ్రీన్ వచ్చి, మళ్లీ మొదటి రోడ్డుకు గ్రీన్ రావడానికి పట్టే టైమును సైకిల్ అంటారు. అందులో ఒక్కో గ్రీన్‌నూ ఒక వంతు అనుకుందాం. వంతు మారిన ప్రతిసారీ కొంత టైము ఎవరికీ పనికిరాకుండా పోతుంది. ఎల్లో 3 సెకన్లు ఉంటుంది. జంక్షన్ మధ్యలో చిక్కుకున్నవాళ్లు బయటపడటానికి ఒకటి రెండు సెకన్లు అన్ని వైపులా రెడ్ పెట్టాలి. గ్రీన్ పడ్డాక ముందున్న ఆటో క్లచ్ వదిలి కదలడానికి ఇంకో రెండు సెకన్లు. ఎల్లోలో దాటిపోయే బళ్లను మినహాయిస్తే, వంతుకు సగటున 4 సెకన్ల దాకా వృథా.

వెబ్‌స్టర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1958లో ఇచ్చిన సూత్రాన్ని ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నారు. సైకిల్లో వృథా అయ్యే మొత్తం సెకన్లను ఒకటిన్నరతో హెచ్చవేసి 5 కలపాలి. ఒక్కో వంతులో వస్తున్న బళ్లు ఆ రోడ్డు మోయగలిగినదానిలో ఎంత భాగమో చూసి, అన్ని వంతులవీ కూడాలి. ఆ మొత్తాన్ని 1లోంచి తీసేసి, మిగిలినదానితో భాగించాలి. కూడిన మొత్తం 0.7 అనుకుందాం. మూడు వంతులైతే వృథా 12 సెకన్లు, సైకిల్ 77 సెకన్లకు తేలుతుంది. ఏడు వంతులైతే వృథా 28 సెకన్లు, సైకిల్ 157 సెకన్లు. అందులో వృథా పోగా మిగిలిన 129 సెకన్లు ఏడుగురికి పంచితే ఒక్కొక్కరికి 18. అంటే మీ రోడ్డుకు రెడ్ పడితే 139 సెకన్లు, రెండు నిమిషాల పైమాటే, ఎండలో నిలబడాలి. పైగా వంతులు పెరిగితే ఆ 0.7 కూడా పెరుగుతుంది, అప్పుడు సైకిల్ ఇంకా సాగుతుంది. ఒక మనిషి రెండు నిమిషాలు నిలబడి, ఎదురుగా రోడ్డు ఖాళీగా కనిపిస్తుంటే ఏం చేస్తాడు? దూసుకుపోతాడు. అతని క్రమశిక్షణ గురించి మాట్లాడేముందు ఆ లెక్క పెట్టినవాళ్లను అడగాలి.

కాబట్టి ఏడు రోడ్లకు ఏడు వంతులు ఇవ్వకూడదు. చిన్న రోడ్లలో ఒకటి రెంటిని బయటకు వెళ్లడానికి మాత్రమే వన్ వే చేయవచ్చు. అప్పుడు ఆ వైపు నుంచి జంక్షన్‌లోకి వచ్చేవాళ్లే ఉండరు, వంతు అక్కర్లేదు. పక్కపక్కనే ఉన్న రెండు రోడ్లను జంక్షన్‌కు కాస్త ముందే కలిపేయవచ్చు. ఒకదానికొకటి అడ్డు రాని వైపులకు ఒకేసారి గ్రీన్ ఇవ్వవచ్చు. ఇలా మూడు, మహా అయితే నాలుగు వంతులకు దించగలిగితేనే స్మార్ట్ సిగ్నల్ తన తెలివి చూపించగలదు. రోడ్డు ఆకారం మార్చకుండా పైన ఖరీదైన కెమెరాలు బిగిస్తే, ఆ కెమెరాలు ట్రాఫిక్ జామ్‌ను శ్రద్ధగా చూస్తూ ఉంటాయి, అంతే.

బళ్లు ఎన్ని ఉన్నాయో దానికి ఎలా తెలుస్తుంది?

పాత పద్ధతి రోడ్డులో తీగ చుట్ట పాతడం. పైన ఇనుప బండి నిలబడితే తీగలో విద్యుత్ లక్షణం మారుతుంది, కంట్రోలర్‌కు తెలుస్తుంది. కార్లు గీతల మధ్య బుద్ధిగా వెళ్లే దేశాల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. మన దగ్గర ఒక లేన్‌లో ఒక ఆటో, రెండు బైకులు, ఒక సైకిల్ పక్కపక్కనే నిలబడతాయి. చుట్టకు బైకులు సరిగ్గా అందవు. తాగునీటి పైపు కోసమో కేబుల్ కోసమో రోడ్డు తవ్వితే తీగ తెగిపోతుంది కూడా.

అందుకని మన దేశంలో ఎక్కువగా కెమెరాలే పెడుతున్నారు. స్తంభం మీది కెమెరా బొమ్మలోంచి బళ్లను గుర్తుపట్టి, ఏది బస్సు, ఏది బైకు అని వేరుచేసి, వరుస ఎంత పొడవుందో చెబుతుంది. జోరు వానలో, ఎదురు హెడ్‌లైట్ల వెలుగులో తడబడుతుంది. రాడార్‌కు ఆ ఇబ్బంది చాలా తక్కువ, కానీ బండి రకాన్ని కెమెరా అంత బాగా చెప్పలేదు. రెండూ కలిపి పెడితే మంచిది.

లెక్క మాత్రం బళ్ల సంఖ్యతో వేయరు. అన్నిటినీ కారుతో పోల్చి కొలుస్తారు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ పట్టణ రోడ్లకు ఇచ్చిన కొలతల్లో కారు 1 అయితే బైకు 0.5 నుంచి 0.75, ఆటో 1.2 నుంచి 2, బస్సు 2.2 నుంచి 3.7. రోడ్డు మీద ఆ రకం బళ్ల వాటా పెరిగేకొద్దీ పెద్ద అంకె తీసుకుంటారు. రోడ్డు మీద ఎంత చోటు పడుతుందో కొలవడానికి ఇది సరైనదే. నా బాధ వేరే. పల్లెవెలుగు బస్సులో యాభై మంది ఉంటారు, దాన్ని మూడు కార్లుగా లెక్కేస్తాం. ఆ మూడు కార్లలో కలిపి నలుగురు ఉండవచ్చు. సిగ్నల్ ఎవరి టైము కాపాడాలి? బస్సు దగ్గరకు రాగానే గ్రీన్ నాలుగైదు సెకన్లు పొడిగించే ఏర్పాటు స్మార్ట్ సిగ్నళ్లలో ఉంటుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లే దారుల్లో మొదట అడగాల్సింది అదే.

కెమెరా పెట్టారంటే చలాన్ల కోసమేగా?

రెండూ వేరు. బళ్లు లెక్కపెట్టే కెమెరాకు నంబరు ప్లేటుతో పని లేదు. వరుస పొడవు చెప్పి ఊరుకుంటుంది. సిగ్నల్ జంప్ చేసినవాళ్లను పట్టే కెమెరా విడిగా ఉంటుంది, నంబరు చదవడానికి వీలుగా గురిపెట్టి ఉంటుంది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 167ఏ అనే నిబంధన చేర్చారు. దాని ప్రకారం కెమెరా నిఘా ఉన్నట్టు తెలిసేలా ముందే బోర్డు పెట్టాలి, తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి.

ఏ కెమెరా దేనికో, ఆ వీడియోలు ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో అడిగే హక్కు మనకుంది. అడగండి.

కౌంట్‌డౌన్ అంకెలు తీసేస్తారట, నిజమేనా? అవి లేకపోతే టెన్షన్‌గా ఉంటుంది.

తీసేయాల్సిన అవసరం రావచ్చు. బండిని చూసి మారే సిగ్నల్‌కు ఈ గ్రీన్ ఎప్పుడు ముగుస్తుందో ముందుగా తెలియదు. వరుస ఖాళీ అయితే 15వ సెకనుకే ఆపవచ్చు, కాకపోతే 40 దాకా సాగవచ్చు. తెలియని అంకెను ఎలా చూపిస్తుంది? కొన్నిచోట్ల ముగియడానికి చివరి కొన్ని సెకన్ల ముందు మాత్రమే అంకె వెలిగేలా చేస్తారు. మరికొన్నిచోట్ల ఈ సైకిల్లో కొలిచి, వచ్చే సైకిల్లో అమలు చేస్తారు, అప్పుడు అంకె మొదటినుంచీ చూపించవచ్చు. కాకపోతే ఒక సైకిల్ ఆలస్యంగా స్పందిస్తుంది.

మన ఊరికి రెండో పద్ధతి నయమని నాకనిపిస్తుంది. రెడ్‌లో అంకె కనిపిస్తే ఇంజన్ ఆపాలా వద్దా అని తేల్చుకోవచ్చు. గ్రీన్‌లో అంకె కనిపిస్తే మాత్రం 3, 2 అని చూసి స్పీడు పెంచేవాళ్లున్నారు. నేను రెడ్ అంకెకే ఓటు వేస్తాను.

రోడ్డు దాటే మా సంగతేమిటి?

ఈ ప్రశ్న అడిగింది చేతిలో రెండు సంచులతో ఉన్న ఒక పెద్దావిడ. అసలు ఈ పేజీ రాయడానికి సగం కారణం ఆవిడే.

సిగ్నల్ గురించి ఎవరు మాట్లాడినా బళ్ల గురించే మాట్లాడతారు. ఇంజనీర్లు పాదచారి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క వేసుకుంటారు. రోడ్డు 14 మీటర్ల వెడల్పుంటే 12 సెకన్లు చాలన్నమాట. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే గొప్ప. ఆవిడకు అదే రోడ్డుకు దాదాపు 18 సెకన్లు కావాలి. ఆ 6 సెకన్ల తేడాలో ఆవిడ రోడ్డు మధ్యలో ఉంటుంది, అటువైపు గ్రీన్ పడిపోతుంది. ఒకసారి ఒక జంక్షన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. లారీ హారన్ కొట్టింది, అమ్మ అక్కడే ఆగిపోయింది, ఒక పాల అబ్బాయి బండి అడ్డం పెట్టి దాటించాడు. ఆ సిగ్నల్‌లో నడిచేవాళ్ల బొమ్మ ఉంది. దానికి ఇచ్చిన టైము ఒక కుర్రాడు పరిగెత్తితే సరిపోయేంత.

స్మార్ట్ సిగ్నల్ ఇక్కడ నిజంగా మేలు చేయగలదు. స్తంభానికి ఉన్న బటన్ నొక్కితే దాటే వంతు వస్తుంది. జీబ్రా గీతల మీద ఇంకా మనిషి ఉన్నాడని కెమెరా చూస్తే రెడ్‌ను కొన్ని సెకన్లు పట్టి ఉంచుతుంది. చూపు లేనివాళ్ల కోసం టిక్ టిక్ మని శబ్దం వచ్చే ఏర్పాటు ఉంటుంది. వీటిలో ఏదీ కొత్త కనిపెట్టడం కాదు, టెండరు కాగితంలో రాస్తే వస్తుంది, రాయకపోతే రాదు. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే మొట్టమొదట కొట్టేసే వరుస కూడా ఇదే అవుతుందని నా భయం. వెడల్పు రోడ్డుకు మధ్యలో నిలబడటానికి ఒక దిమ్మె కడితే, పెద్దవాళ్లు రెండు విడతల్లో దాటవచ్చు. దానికి ఎలక్ట్రానిక్స్ అసలే అక్కర్లేదు, సిమెంటు చాలు.

జీబ్రా గీతల మీద ఆగిన బండి ఎంత చిన్నదైనా ఈ ఏర్పాటు మొత్తాన్ని పాడుచేస్తుంది. స్టాప్ లైన్ వెనకే ఆపండి.

అంబులెన్స్ వస్తే అదే గ్రీన్ ఇస్తుందా?

ఇవ్వగలదు. 108 బండిలో జీపీఎస్ ఉంటే అది ఏ రోడ్డులో ఎంత దూరంలో ఉందో కంట్రోల్ రూమ్‌కు తెలుస్తుంది. బండి దగ్గరపడగానే ఆ వైపు గ్రీన్ ఇచ్చి మిగతావన్నీ రెడ్ చేస్తుంది. అది అప్పటికప్పుడు టక్కున మారదు. నడుస్తున్న గ్రీన్‌కు ఎల్లో, తర్వాత అన్నివైపులా రెడ్, దాటుతున్న మనిషికి దాటే టైము, ఇవన్నీ ఇచ్చాకే మారుతుంది. అందుకే అంబులెన్స్ ఇంకా దూరంగా ఉండగానే పని మొదలుపెట్టాలి.

రిమ్స్‌ ఆసుపత్రికి ఈ జిల్లా నలుమూలల నుంచీ కేసులు వస్తాయి. పలాస వైపు నుంచి వచ్చే బండి హైవే మీద వేగంగా వచ్చి ఊళ్లోకి తిరిగాక ఇరుక్కుంటే ఎంత ఘోరం! గ్రీన్ ఇచ్చినా ముందున్న బళ్లు కదలడానికి చోటుండాలి. అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా ఉంది, 2019 సవరణలో వచ్చింది.

కరెంటు పోతే ఏం చేస్తుంది? తుఫాను వస్తే?

పాత బల్బు సిగ్నళ్లు ఒక్కో దీపానికి 60 నుంచి 100 వాట్ల దాకా తినేవి. ఎల్‌ఈడీకి 10, 15 వాట్లు సరిపోతాయి. ఒక నాలుగు రోడ్ల జంక్షన్‌లో దీపాలు, కంట్రోలర్, కెమెరాలు అన్నీ కలిపి 250 వాట్లు అనుకోండి. ఇంట్లో పెట్టుకునే 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్కటి నాలుగైదు గంటలు లాగుతుంది. సోలార్ పలక జోడిస్తే ఇంకా మేలు. కాబట్టి కరెంటు పోయింది, సిగ్నల్ ఆగిపోయింది అనేది ఇప్పుడు సాకుగా కూడా పనికిరాదు. బ్యాటరీ నీళ్లు చూసే మనిషి ఉంటే చాలు.

తుఫాను వేరే మాట. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు, స్తంభాలు నేలకొరిగాయి. అలాంటి గాలికి సిగ్నల్ స్తంభం నిలవాలంటే పునాది లోతు, చేయి పొడవు మొదటే లెక్క చూసి వేయాలి. కెమెరాలు, బోర్డులు తర్వాత ఒక్కొక్కటే తగిలించుకుంటూ పోతే గాలికి పట్టు పెరుగుతుంది. సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలికి కంట్రోలర్ పెట్టె తలుపు తుప్పు పడుతుంది, సందులోంచి ఎలుకలు దూరతాయి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ సిగ్నళ్లను చంపేది ఎక్కువగా ఇవే.

ఒక సిగ్నల్ దాటితే ఇంకో సిగ్నల్‌లో రెడ్ పడుతుంది. దీనికి మందు లేదా?

ఉంది, చవక మందు. రెండు సిగ్నళ్ల మధ్య 400 మీటర్లు ఉన్నాయనుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఆ దూరానికి 48 సెకన్లు పడుతుంది. మొదటి సిగ్నల్ గ్రీన్ అయిన 48 సెకన్లకు రెండోది గ్రీన్ అయితే, గుంపుగా బయలుదేరిన బళ్లు ఆగకుండా పోతాయి. దీనికి రెండు సిగ్నళ్ల సైకిల్ ఒకే పొడవుండాలి, రెండు గడియారాలూ ఒకే టైము చూపాలి. జీపీఎస్ నుంచి టైము తీసుకుంటే గడియారాల సమస్య ఉండదు. డే అండ్ నైట్ జంక్షన్, ఏడు రోడ్ల జంక్షన్, సూర్యమహల్ జంక్షన్ లాంటివాటిని విడివిడిగా కాక ఒక దండలో పూసల్లా చూడాలి. మధ్యలో బస్సు ఆగే చోటు, ఆటోలు బేరాలకు ఆగే చోటు రోడ్డుకు పక్కగా జరపకపోతే మాత్రం 48 కాస్తా 90 అవుతుంది, లెక్క చెడుతుంది.

అరసవల్లి రద్దీని ఏ కంప్యూటరైనా తట్టుకుంటుందా?

ఆదివారం సూర్యనారాయణ స్వామి దర్శనానికి వచ్చే రద్దీ ప్రతి వారం ఉండేదే. ప్రతి వారం ఉండేదానికి ఒక ఆదివారం లెక్క ముందే కంట్రోలర్‌లో ఎక్కించి ఉంచాలి. రథసప్తమి నాడు ఏ యంత్రమూ సొంతంగా నెగ్గదు. రోడ్డు పట్టగలిగినదానికంటే ఎక్కువమంది వస్తే గ్రీన్ ఎటు పంచినా వరుస పెరుగుతుంది. ఆ రోజు బళ్లు ఊరి బయటే ఆపించడం, నడిచేవాళ్లకు రోడ్డు వదిలేయడం, వన్ వేలు పెట్టడం మనుషులు చేయాల్సిన పని. సిగ్నల్ ఆ ఏర్పాటుకు తగ్గట్టు మారగలిగితే చాలు.

అయితే ఇక పోలీసులు ఎందుకు?

లోకంలో మొదటి ట్రాఫిక్ సిగ్నల్ 1868 డిసెంబర్ 10న లండన్‌లో, పార్లమెంటు దగ్గర పెట్టారు. గ్యాస్ దీపాలు, రైల్వే సిగ్నల్ లాంటి చేతులు, వాటిని తిప్పడానికి ఒక కానిస్టేబుల్. నెల తిరిగీ తిరగకుండానే గ్యాస్ లీకై పేలి ఆ కానిస్టేబుల్ గాయపడ్డాడు. కరెంటు సిగ్నల్ అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1914 ఆగస్టు 5న వచ్చింది. అప్పటినుంచీ మనిషి చేతిలోంచి పని కొంచెం కొంచెంగా యంత్రానికి పోతూనే ఉంది, మనిషి అవసరం మాత్రం పోలేదు.

మండే ఎండలో ఎనిమిది గంటలు చెయ్యి ఊపే పని నుంచి వాళ్లకు విముక్తి కలగాలి. ప్రమాదం జరిగినప్పుడు, ఊరేగింపు వచ్చినప్పుడు, సిగ్నల్ తప్పుగా ఆలోచిస్తోందని కళ్లకు కనబడుతున్నప్పుడు పెట్టెలోని మాన్యువల్ స్విచ్ వాళ్ల చేతిలోనే ఉండాలి. ఇంకో మాట. ఆ జంక్షన్‌లో ఏళ్ల తరబడి నిలబడ్డ కానిస్టేబుల్‌కు ఏ వేళకు ఏ వైపు నుంచి ఎవరొస్తారో కంఠతా వచ్చు. సిగ్నల్ టైములు పెట్టేముందు ఆయన్ను అడగని ఇంజనీరు సగం పనే చేసినట్టు.

ఏఐ అంటున్నారు కదా, దానికి అన్నీ తెలుస్తాయా?

అన్నీ తెలియవు. ఆస్ట్రేలియాలో స్కాట్స్, బ్రిటన్‌లో స్కూట్ అనే పద్ధతులు 1970లలోనే మొదలయ్యాయి, ఏఐ మాట ఇంతగా వినిపించని రోజుల్లోనే సిగ్నళ్లు ట్రాఫిక్‌ను బట్టి మారడం నేర్చుకున్నాయి. మన గజిబిజి ట్రాఫిక్ కోసం తిరువనంతపురంలోని సీడాక్ సంస్థ కోసికాస్ట్ అనే పద్ధతి తయారుచేసింది. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే ప్రయాణ వేగాల ఆధారంగా సిగ్నల్ టైములు ఎలా సవరించాలో సూచించే గ్రీన్ లైట్ అనే కార్యక్రమం హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతాల్లో నడుస్తోంది. అది రోడ్డు మీద కొత్త పరికరం ఏదీ అడగదు.

ఏఐ ఎక్కువగా సాయపడేది చూడటంలో, అంటే కెమెరా బొమ్మలోంచి బళ్లను గుర్తుపట్టడంలో. దానికి నేర్పించిన బొమ్మల్లో మన రోడ్డు లేకపోతే తప్పులు చేస్తుంది. గడ్డిమోపులు కట్టిన సైకిల్, పది మంది కూర్చున్న ఆటో, రోడ్డు మధ్యలో పడుకున్న ఆవు, ఇవి చూపించి నేర్పారా అని కొనేముందు అడగాలి. ఒక వారం మన పిల్లలు చేత్తో లెక్కపెట్టి, యంత్రం లెక్కతో పోల్చి చూసి, అప్పుడు బిల్లు ఇవ్వాలి.

నెట్‌వర్క్ పోతే? ఎవరైనా హ్యాక్ చేస్తే?

నెట్‌వర్క్ పోయినా సిగ్నల్ ఆగకూడదు. పెట్టెలో ఉన్న వేళల లెక్కకు తానే మారిపోవాలి. 2014లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అధికారుల అనుమతితో నిజమైన సిగ్నళ్ల వ్యవస్థను పరీక్షించారు. రేడియో సంకేతాలకు రక్షణ లేదు, పాస్‌వర్డులు ఫ్యాక్టరీలో పెట్టినవే ఉన్నాయి. తేలిగ్గా లోపలికి వెళ్లగలిగారు. అడ్డం వచ్చే రెండు రోడ్లకు ఒకేసారి గ్రీన్ పడకుండా కాపలా కాసే విడి పరికరం అక్కడి పెట్టెల్లో ఉంది, కనుక అంతటి ప్రమాదం జరిగే వీలు లేకపోయింది. అయినా పాస్‌వర్డ్ మార్చడం ఉచితం.

రాత్రి పదకొండుకు ఖాళీ రోడ్డులో ఎందుకు నిలబడాలి?

నిలబడక్కర్లేదు. బండిని చూసే సిగ్నల్ అయితే మీకు వెంటనే గ్రీన్ ఇస్తుంది. లేకపోతే బ్లింకింగ్ మోడ్‌లో పెట్టాలి. ఎల్లో మినుకుతుంటే నెమ్మదిగా చూసుకుని వెళ్లమని, రెడ్ మినుకుతుంటే పూర్తిగా ఆగి చూసుకుని వెళ్లమని అర్థం.

ఫ్రీ లెఫ్ట్ ఎప్పుడూ ఉంటుందా?

బోర్డు ఉన్నచోటే అనుకోండి. బోర్డున్నా నడిచేవాళ్లు దాటుతుంటే ఆగాలి.

మనది స్మార్ట్ సిటీ కాదు కదా, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

2015లో మొదలైన స్మార్ట్ సిటీల పథకంలో మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, తిరుపతి, కాకినాడ, అమరావతి ఎంపికయ్యాయి, శ్రీకాకుళం కాలేదు. కానీ 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి ఉన్న 13 నగరాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఇంజన్లు ఆపకుండా రెండు నిమిషాలు నిలబడే జంక్షన్ గాలికి చేసే హాని ఎంతో మనకు ముక్కే చెబుతుంది. ఆ దారిలో అడగడానికి మనకు న్యాయమైన కారణం ఉంది.

నన్నడిగితే ఖర్చు ఈ వరుసలో పెట్టాలి. ముందు గీతలు, దిమ్మెలు, బస్సు ఆగే చోట్లు. తర్వాత ఎల్‌ఈడీ దీపాలు, బ్యాటరీ. ఆ పైన వేళల లెక్కలు, గడియారాలు కలపడం. కెమెరాలు ఆఖర్న, అదీ ఒక్క జంక్షన్‌లో పెట్టి ఆరు నెలలు చూశాక. ఏ దశలోనైనా ఐదేళ్ల మరమ్మతు ఒప్పందం కొనుగోలులోనే కలిపి ఉండాలి.

సిగ్నల్ తప్పుగా పనిచేస్తుంటే ఎవరికి, ఎలా చెప్పాలి?

దీపం పగిలినా, అన్నివైపులా వెలగకపోయినా, రెండు అడ్డ రోడ్లకూ గ్రీన్ పడినా ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి, ముఖ్యంగా చివరిది. టైము సరిపోవడం లేదన్న ఫిర్యాదు అయితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కాగితం ఇవ్వవచ్చు, నగరపాలక సంస్థకూ ట్రాఫిక్ పోలీసులకూ ఒక్కో కాపీ. సిగ్నల్ బాగాలేదు అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ జంక్షన్, ఏ రోడ్డు వైపు నుంచి, ఏ రోజు, ఎన్ని గంటలకు, గ్రీన్ ఎన్ని సెకన్లు వచ్చింది, ఆ గ్రీన్‌లో ఎన్ని బళ్లు దాటాయి, ఎన్ని మిగిలాయి, ఇవి రాయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటుంది. రోడ్డు దాటే టైము గురించైతే ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని తోడు తీసుకెళ్లి, వాళ్లకు ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచి ఆ అంకె రాయండి. మా అమ్మకు 18 పట్టింది, మేం 18 అనే రాశాం.